గట్టురాయి కింద బొగ్గులు

ప్రతి నెలా ఒకటో తారీఖున మా పెద్దమ్మ మారక్క తిరుమణిలో బస్సెక్కి పావగడ వస్తుంది. తాలూకా ఆఫీసుకు ఎదురుగా నా జెరాక్సు అంగడి. నేను షట్టరు ఎత్తకముందే వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంటుంది. లోపలికి వచ్చి ఊదుబత్తి వెలిగించే దాకా కూడా ఆగదు. "ఎనభై నాలుగు తియ్యప్పా" అంటుంది. ఎనభై నాలుగు అంటే వాళ్ల చేని సర్వే నంబరు. నేను కంప్యూటరులో చూసి పహణీ తీసి ఇస్తాను. భూమి ఎవరిది, ఎంత అని సర్కారు ఒప్పుకునే కాగితం అది. అందులో పేరు రాత్రికి రాత్రి మారిపోతుందని ఆమె భయం. పోయిన నెలే చూశాం కదా పెద్దమ్మా అంటే, పోయిన నెల సంగతి పోయిన నెలతోనే పోయింది అంటుంది.

కాగితం కన్నడంలో ఉంటుంది. పెద్దమ్మ కన్నడం గడగడా మాట్లాడుతుంది గానీ అక్షరం ముక్క రాదు. కాబట్టి నేను చదవాలి. పేరు, భర్త పేరు, మూడెకరాలు అని చదివి వినిపిస్తే తల ఊపుతుంది. ఆ తర్వాత ఆ కాగితం పట్టుకుపోయి, నా అంగడి ముందే నిలబడ్డ ముక్కూ మొహం తెలియని ఎవడి చేతిలోనో పెట్టి, కొంచెం చదువు నాయనా అంటుంది. నా కళ్ల ముందే. నేను ఆమె సొంత చెల్లెలి కొడుకును. చిన్నప్పుడు నాకు ముక్కు తుడిచిన మనిషి. మొదట్లో ఒళ్లు మండేది. ఒకసారి కోపం పట్టలేక, నేను అబద్ధం చదువుతానా అని అడిగేశాను. ఆమె ఏమాత్రం నొచ్చుకోలేదు.

"నువ్వు చదవవులే గిరీశా. అయినా ఇద్దురు చదివితే మంచిది గదా" అంది.

అనుమానం పెనుభూతం అంటారు. మా పెద్దమ్మ ఆ భూతాన్ని ఇంట్లో పెట్టుకుని పాలు పోసి పెంచింది. పాలలో నీళ్లు, బియ్యంలో రాళ్లు, బస్సు కండక్టరు ఇచ్చే చిల్లర, డాక్టరు చెప్పే జబ్బు, ఏదీ ఆమె పరీక్ష దాటకుండా పోలేదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గుణం ఆమెకు పుట్టుకతో రాలేదు. ఆ చేనితో పాటే వచ్చింది.

ఆ చేనిని గుండ్ల చేను అంటారు. తిరుమణికి పడమర ఆరెకరాల ఎర్ర నేల, తూర్పు కొసన ఏనుగంత రాతి గుండు. ఒకప్పుడు అది ఊరి శానుభోగు చేతిలో ఉండేది. ఊరి భూముల లెక్కలు రాసేవాడు శానుభోగు. ఆయన కలం ఎటు వాలితే చేను అటు వాలేది. పెద్దమ్మ మామ వెంకటరాముడు ఆ చేనిని సగం పాలుకు చేసేవాడు. వాన పడితే చెనిక్కాయ, అదే వేరుశనగ, పడకపోతే ఉలవలు. డెబ్భై నాలుగులో, దున్నేవాడిదే భూమి అని చట్టం వచ్చింది. అర్జీ పెట్టుకున్నవాళ్లకు పట్టా ఇస్తామన్నారు. శానుభోగు ఎంతో మర్యాదగా వెంకటరాముణ్ణి ఇంటికి పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించాడు. నీకెందుకు ఈ తిరుగుళ్లు, నీ అర్జీ నేనే రాసి పంపిస్తాను, నువ్వు నిశ్చింతగా ఇంటికి పో అన్నాడు. వెంకటరాముడు మజ్జిగ తాగాడు. దండం పెట్టాడు. ఇంటికి పోకుండా ఆ ఎండలో నేరుగా పావగడకు నడిచాడు. అక్కడ ఒకడి చేత అర్జీ రాయించి, ఇంకొకడి చేత చదివించుకుని, అప్పుడు వేలిముద్ర వేశాడు.

శానుభోగును నమ్మి ఇంట్లో కూర్చున్నవాళ్లు ఊళ్లో నలుగురున్నారు. వాళ్ల అర్జీ ఒక్కటీ పావగడ చేరలేదు. ఆ నలుగురూ మళ్లీ కూలికి పోయారు. గుండ్ల చేను మాత్రం వెంకటరాముడి పేరు మీదికి వచ్చింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక మాట పుట్టింది. మజ్జిగ తాగు గానీ మాట నమ్మొద్దు. కోడలిగా వచ్చిన పిల్లకు మొదట నేర్పింది సంగటి కెలకడం కాదు, ఈ మాట.

పెద్దమ్మ పుట్టింది అరసికెరెలో. పదహారేళ్లకు తిరుమణికి కోడలైంది. మరుసటేడే, ఎనభై మూడులో, వెంకటరాముడి ఇద్దరు కొడుకులు వేరు పడ్డారు. పెద్దవాడు నల్లప్ప. చిన్నవాడు దొడ్డయ్య, మా పెద్దమ్మ మొగుడు. గుండ్ల చేనిని రెండుగా చేసి ఉత్తరం వైపు మూడెకరాలు నల్లప్పకు, దక్షిణం వైపు మూడు దొడ్డయ్యకు ఇచ్చారు. తూర్పున ఏనుగు గుండు, పడమర కొసన కొత్తగా పాతిన గట్టురాయి. ఈ రెండింటి మధ్య గీత గీస్తే అదే గట్టు. ఆ గీత ఏ కాగితంలోనూ లేదు. పహణీలో అన్నదమ్ముల పేర్లు రెండూ ఒకే చోట, ఒకరికి మూడు, ఒకరికి మూడు అని ఉండేవి, అంతే. మా వాళ్లు కాగితాన్ని నమ్మరు, రాయిని నమ్ముతారు.

రాయిని కూడా పూర్తిగా నమ్మలేదులెండి. ఆ ఇంట్లో వేరు పడే రోజు, అంతవరకూ అందరికీ సంగటి వండిన కుండను పగలగొడతారు. ఆ పెంకులూ, రెండు పొయ్యిల్లో నుంచి చెరొక గుప్పెడు బొగ్గులూ గోతిలో వేసి, దాని మీద గట్టురాయి పాతుతారు. కింద ఉన్నదాన్ని సాక్షి అంటారు. రాయిని ఎవడైనా జరపగలడు. కింద బొగ్గులున్న సంగతి జరిపేవాడికి గుర్తుండదు. బొగ్గు కుళ్లదు, చెదలు తినవు. రాయి జరిగిందని గొడవ వస్తే పెద్దల ముందు సాక్షి తవ్వుతారు. బొగ్గు ఎక్కడ బయటపడితే గట్టు అక్కడే. ఆ రోజు గోతి దగ్గర పదిహేడేళ్ల మారక్క ఇంకో పని కూడా చేసింది. అది నలభై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. నాకు మొన్ననే తెలిసింది, దాని చోట దాన్ని చెబుతాను.

తొంభై ఎనిమిదిలో ఒక పెద్ద వాన కురిసింది. మా సీమలో వాన రావడమే గొప్ప, వచ్చిందంటే గట్లు తెంచుకుని పోతుంది. దొడ్డయ్య పెద్దనాయన అప్పుడు బెంగళూరులో కట్టడం పనికి పోయి ఉన్నాడు. వాన వెలిసిన మరుసటి రోజు నల్లప్ప చేనికి పోయి చూస్తే గట్టురాయి పక్కకు ఒరిగి ఉంది. ఇంకెవరైనా అయితే అటు చూడకుండా వచ్చేసేవాళ్లు. గట్టురాయిని ఒక పక్కవాడు ఒంటిగా ముట్టుకోకూడదు. రెండు వైపుల మనుషులూ ఉండాలి. ఇది చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నల్లప్పకు తెలియదా? తెలుసు. తమ్ముడు ఊళ్లో లేడు, మళ్లీ వాన వస్తే రాయి కొట్టుకుపోతుంది అనుకుని, గడ్డపార తెచ్చి ఒక్కడే నిలబెట్టి, చుట్టూ మట్టి తొక్కేశాడు.

సాయంత్రం పెద్దమ్మ గడ్డికి పోయింది. రాయి చుట్టూ తడి మట్టి, మట్టిలో ఒక్క మనిషి అడుగులే కనిపించాయి. ఇంకేం కావాలి ఆమెకు? నేరుగా నల్లప్ప ఇంటి ముందుకు పోయి, వీధి వీధంతా వినేలా అడిగింది.

"పన్నెండంగలు నా పక్కకు జరిపినావు గదా బావా. ఈ రోజు రాయి, రేపు ఇల్లా?"

నల్లప్ప ఒకే మాట చెప్పాడట, ఉన్నచోటనే నిలబెట్టినానమ్మా అని. సాక్షి తవ్వమని ఆమె పట్టుబట్టింది. బెంగళూరు నుంచి వచ్చిన మా పెద్దనాయన ఒప్పుకోలేదు. సాక్షి తవ్వించడమంటే అన్నదమ్ములకు అన్నం నీళ్లు తెగినట్టే. అన్న మీద నేను తవ్వించను, పన్నెండంగలు పోతే పోనీ అన్నాడు. పోతే పోనీ అనడంతో ఆమెకు అనుమానం గట్టిపడింది. పోయిందని ఆయనకూ తెలుసన్నమాటే కదా!

అప్పటి నుంచి నల్లప్పకు ఊళ్లో ఆ పేరు పడిపోయింది. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చుంటే ఎవడో ఒకడు, కొంచెం జరుగు నల్లప్పా, నువ్వు జరపడంలో గట్టివాడివి కదా అనేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నిప్పు లేనిదే పొగ రాదని నేనూ అనుకునేవాణ్ణి, అబద్ధం ఎందుకు చెప్పాలి? నా అంగడిలో జెరాక్సు మిషను కింద పడని దొంగ కాగితం లేదు. వాటిని తెచ్చేవాళ్లంతా నల్లప్ప పెద్దనాయన లాగే సాధువుగా నవ్వుతారు.

రెండు వేల తొమ్మిదిలో దొడ్డయ్య పెద్దనాయన పోయాడు. కూతురు వినుతకు అంతకుముందే మడకశిర వైపు పెళ్లయింది. పెద్దమ్మ ఒంటరిగా చేను చేసుకుంది. నల్లప్పకు పిల్లలు లేరు, కొన్నాళ్లకు భార్య కూడా పోయింది. ఒకే వీధిలో, ఎదురెదురు తలుపుల్లో, ఇద్దరు ఒంటి మనుషులు. ఈమె తలుపు తీస్తే ఆయన వేసుకునేవాడు. ఆయన ఒకటి రెండుసార్లు ఏవో ఇవ్వజూశాడు. ఒకసారి విత్తనం చెనిక్కాయ, ఒకసారి పాడి ఆవు దూడ. ఈమె వాకిట్లోనే తిప్పి పంపింది. దొంగ చేత్తో ఇచ్చింది నాకెందుకు అంది.

తర్వాత సోలారు కరెంటు కంపెనీ వచ్చింది. కంపెనీ చేను కొనదు, ఇరవై ఎనిమిదేళ్లకు కౌలుకు తీసుకుంటుంది, ఏటా కౌలు ఇస్తుంది, తర్వాత మీ చేను మీకే అన్నారు. వానలు లేక ఎండిపోయి ఉన్న ఊరు. చాలామంది సంతోషంగానే సంతకాలు పెట్టారు. పెద్దమ్మ ముగ్గురి చేత ఆ ఒప్పందం చదివించుకుని, అందరికంటే చివర వేలిముద్ర వేసింది. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ ఆమెకు విడమరిచి చెప్పలేకపోయారు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత నా చేను ఇదీ అని నాకు చూపించేది ఎవరు? నవ్వారు అందరూ. తర్వాత యంత్రాలు వచ్చి గట్లన్నీ చదును చేసి, రాళ్లన్నీ పెరికి, ఊరి చేలన్నింటినీ ఒకే మైదానం చేసి, దాని మీద నల్లటి ప్లేట్లు వరసలుగా నిలబెట్టి, చుట్టూ కంచె వేసినప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది. ఎవరి చేను ఎక్కడో ఎవరికీ తెలియలేదు. ఏనుగు గుండును మాత్రం పగలగొట్టలేక వదిలేశారు.

మా పెద్దమ్మ ముందే జాగ్రత్తపడింది. యంత్రాలు రావడానికి వారం ముందు ఆ గుండు నుంచి నేరుగా పడమరకు గట్టురాయి దాకా నడిచి అంగలు లెక్కపెట్టుకుంది. రెండు వందల పన్నెండు. కంచె వేశాక, ప్లేట్ల కింద గడ్డి కోసే ఆడవాళ్ల గుంపులో పనికి చేరింది. ఈ వయసులో ఎందుకు పెద్దమ్మా, కౌలు వస్తుంది కదా అంటే నా మీదే విసుక్కుంది. పని కోసం కాదు పోయింది. కంచె లోపలికి పోవడానికి ఆ గుంపు ఒక్కటే దారి. గడ్డి కోస్తూ కోస్తూ తన చేని మీదికి వచ్చినప్పుడు ఒకసారి నిలబడి, చుట్టూ చూసి, మళ్లీ వంగేది. రాయి లేదు, గట్టు లేదు. కింద సాక్షి ఉంది. అదొక్కటే ఆమెకు ధైర్యం.

నల్లప్ప కూడా కంచె లోపలే ఉన్నాడు. గేటు దగ్గర పగటి కావలి ఆయనది. ఇది ఆమెకు కంట్లో నలుసు. కంచే చేను మేస్తుందని సామెత ఊరికే పుట్టిందా అనేది.

పోయిన ఆషాఢంలో ఒక కబురు వచ్చింది. సోలారు చేలలో ఉమ్మడి పహణీలు విడగొట్టి, ఎవరి వాటాకు వాళ్లకు వేరే నంబరు, వేరే పటం ఇస్తామన్నారు. సర్వేయరు యోగానంద వచ్చి చుట్టు కొలతలు మిషనుతో తీశాడు. లోపలి గట్టు మాత్రం మిషనుకు తెలియదని తేల్చాడు. అన్నదమ్ముల వాళ్లు ఇద్దరూ కలిసి చూపిస్తే గీత గీస్తాను, లేదంటే కోర్టుకు పొండి అన్నాడు. అంటే ఇప్పుడు పడే గీతే ఇక శాశ్వతం. పెద్దమ్మకు నిద్ర పట్టలేదు. ఆ పన్నెండంగలు తిరిగి వస్తే ఇప్పుడు రావాలి, లేకపోతే లేదు. నేల చూస్తే ఆరు గుంటలకు మించదు. ఎకరాకు నలభై గుంటలు. కానీ ఇరవై ఆరేళ్లుగా ఆమె అంటున్న మాట నిజమా అబద్ధమా అన్నది ఆ ఆరు గుంటల్లోనే ఉంది.

సర్వే రోజు ఇంకా వారం ఉందనగా ఆమె గడ్డి కోస్తూ ఒకటి చూసింది. రాయి ఉన్న చోటికి ఉత్తరంగా, నల్లప్ప వైపు, రెండు వరసల మధ్య నేల కొత్తగా తవ్వి పూడ్చి ఉంది. సాయంత్రం గేటు దాటుతూ కావలి గదిలోకి తొంగి చూస్తే, మూలన గడ్డపార, దాని కొసకు ఎర్రమట్టి. పని దుస్తులతోనే బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. సాక్షిని తీసి పారేస్తున్నాడప్పా అంది. నాకూ అలాగే అనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం అనుకున్నాను. సాక్షి తవ్వాలని అర్జీ నేనే టైపు చేశాను. ఆమె దాన్ని బయట ఇంకొకడి చేత చదివించుకుని వేలిముద్ర వేసింది.

సర్వే రోజు నేనూ పోయాను. సర్వేయరు, ఊరి పెద్దలు ఇద్దరు, ప్లేట్లకు ఏమీ కాకూడదని చూడటానికి కంపెనీ సూపర్‌వైజరు నందీష్. నల్లప్ప గేటు వదిలి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఖాకీ చొక్కా వదులుగా వేలాడుతోంది. ఎక్కడ తవ్వాలి అని అడిగితే, పెద్దమ్మ ఆ కొత్త మట్టి చూపించింది.

మూరెడు లోతున బొగ్గులు వచ్చాయి. వాటితో పాటు నల్లటి కుండ పెంకులు. ఒక పెంకుకు మందమైన అంచు ఉంది. పెద్దమ్మ దాన్ని తీసుకుని తుడిచి చూసి, మా అత్త సంగటి కుండే అంది. అక్కడి నుంచి, గుండు మొదలు అంగలు లెక్కపెట్టి పెద్దమ్మ చూపించిన పాత రాయి చోటికి కొలిచారు. సరిగ్గా పన్నెండంగలు, నల్లప్ప చేని లోపలికి. అంటే గట్టురాయి మొదట అక్కడ ఉండేది. దాన్ని దక్షిణానికి జరిపి పన్నెండంగలు మింగాడు. ఇప్పుడు సాక్షిని తీసేయాలని తవ్వి, పూర్తిగా తీయలేక పూడ్చేశాడు. అందరికీ అర్థమైంది అదే. పెద్దల్లో ఒకాయన ఛీ అని ఉమ్మేశాడు.

నల్లప్ప తల ఎత్తలేదు. "తప్పైందప్పా. ఆ పొద్దు ఒంటిగా రాయి నిలబెట్టినప్పుడు జరిపినా. మారక్క జెప్పింది నిజమే" అన్నాడు.

నాకు ఒళ్లంతా మండిపోయింది. ఇన్నేళ్లు ఆ సాధు ముఖం పెట్టుకుని తిరిగినందుకు నాలుగు మాటలు అనేశాను కూడా. ఈ రోజుకీ ఆ మాటలు నా గొంతులో ముల్లులా ఉన్నాయి. సర్వేయరు కొత్త గీత రాసుకున్నాడు. పదిహేను రోజుల్లో ఇద్దరూ వచ్చి వేలిముద్రలు వేస్తే అయిపోతుందన్నాడు.

గెలిచిన మనిషి ఎగిరి గంతులేయాలి కదా. నా బండి వెనక కూర్చుని పెద్దమ్మ ఊరి దాకా మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం ఎన్నంగలు వచ్చినాయి అని మళ్లీ అడిగింది. పన్నెండు అన్నాను. ఊఁ అని లోపలికి పోయింది.

తర్వాత పది రోజులకు, నెల మధ్యలో, నా అంగడికి వచ్చింది. ఒకటో తారీఖు తప్ప ఇంకో రోజు వచ్చిన మనిషి కాదు. వచ్చినది కూర్చోలేదు. కొంగు ముడి విప్పి, జెరాక్సు మిషను అద్దం మీద ఒక గాజు ముక్క పెట్టింది. ఆకుపచ్చ గాజు, వేలెడు పొడవు, మట్టి పట్టి మసకబారింది.

అప్పుడు చెప్పింది. ఎనభై మూడులో గోతి తవ్వి, మగవాళ్లు రాయి తేవడానికీ అత్త కుండ తేవడానికీ పోయినప్పుడు గోతి దగ్గర ఈమె ఒక్కతే ఉంది. రాయిని జరిపేవాడు బొగ్గుల సంగతి గుర్తుంచుకుని వాటినీ జరిపితే? పదిహేడేళ్ల పిల్లకు వచ్చిన ఆలోచన చూడండి. చేతి గాజు ఒకటి చిట్లగొట్టి, గోతి అడుగున ఇంకో జానెడు లోతు వేళ్లతో తవ్వి, ముక్క పెట్టి పూడ్చేసింది. దాని మీద పెంకులు, బొగ్గులు, రాయి పడ్డాయి. కొత్త కోడలి గాజు ఎలా పగిలిందని అత్త తిడితే, తట్ట తగిలిందని అబద్ధం చెప్పింది. సాక్షికి ఆమె పెట్టిన సాక్షి అది.

సర్వే రోజు నుంచీ ఆమెను రెండు సంగతులు పొడుస్తున్నాయి. ఇరవై ఆరేళ్లు ఒప్పుకోని మనిషి ఒక్క మాటకు ఎందుకు ఒప్పుకున్నాడు? రెండోది ఇంకా పెద్దది. పన్నెండంగలన్నది ఆమె ఆ రోజు కోపంలో నోటికొచ్చినట్టు అన్న లెక్క. కొలిచింది లేదు, చూసింది లేదు. ఆమె ఊరికే అన్న లెక్కకు బొగ్గులు సరిగ్గా ఎలా వచ్చి కూర్చున్నాయి? మధ్యాహ్నం ఆడవాళ్లు అన్నం తినేటప్పుడు కొడవలితో ఆ కొత్త గుంతలో ఇంకో జానెడు తవ్వి చూసింది. గాజు లేదు. అక్కడి నుంచి తన రెండు వందల పన్నెండో అంగ దగ్గరికి వచ్చి, పాత రాయి చోటున పైన పరిచిన గడ్డి పెళ్లలు తీసి తవ్వింది. పైన పెంకులు లేవు, ఎవరో ఎత్తుకుపోగా రాలిన బొగ్గు పొడి మాత్రం మట్టిలో కలిసి ఉంది. దాని కింద జానెడు లోతున, పెట్టినది పెట్టినట్టే, గాజు.

రాయి ఏనాడూ జరగలేదు. నల్లప్ప సాక్షిని పాత చోటు నుంచి తీసి, తన చేనిలోకి మోసుకుపోయి, తనను తానే దొంగగా చూపించుకున్నాడు.

అంగడి షట్టరు దించి, ఆమెను బండి మీద ఎక్కించుకుని గేటుకు పోయాను. కావలి గదిలో నల్లప్ప ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఇంకో నాలుగు మాటలు పడటానికి సిద్ధమైనట్టు. నాకు సిగ్గేసింది. పెద్దమ్మ గాజు ముక్క ఆయన ముందు బల్ల మీద పెట్టి, ఎక్కడ దొరికిందో చెప్పింది.

"నువ్వు బొగ్గు కింద గూడా పెట్టినావా అమ్మా" అన్నాడు ఆయన. నవ్వబోయి ఆగిపోయాడు.

"ఎందుకు జేస్తివి బావా?"

"ఇస్తే తీసుకోవు గదా. చెనిక్కాయ ఇస్తే తిప్పి పంపితివి, దూడను ఇస్తే తిప్పి పంపితివి. నాకా పిల్లలు లేరు. దొడ్డయ్య పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, దాన్ని సూసుకోన్నా అన్నాడు. యాడ సూసుకోనిచ్చినావు? నీ సొత్తు నేను దొంగిలించినానంటే మాత్రం నువ్వు తీసుకుంటావు. అదొక్కటే దోవ కనపడింది."

ఆమె గాజు ముక్కను మళ్లీ కొంగున ముడి వేసుకుంది. ఆయనే మళ్లీ అన్నాడు.

"ఇరవై ఆరేండ్లు దొంగనంటివి. కాదు కాదని జెప్పి అలిసిపోయినానమ్మా. ఔనంటే నీ మనసన్నా చల్లబడతాది అనుకున్నా."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, పెద్దనాయన పోయిన రోజు. నల్లప్ప ఏం చేయాలో తోచక, తన చెంబులోని మజ్జిగ గ్లాసులో వంచి ఆమె ముందు పెట్టాడు. ఆ ఇంటి కోడలు మజ్జిగ తాగి, ఆ రోజు మాట కూడా నమ్మింది.

వేలిముద్రల రోజు సర్వేయరు ముందు, ఆ ఇద్దరు పెద్దల ముందు, ఛీ అన్న ఆయన కూడా వినేలా ఆమె గట్టిగా చెప్పింది. "రాయి యాడిది ఆడనే ఉండాది. మా బావ ఏనాడూ జరపల్యా. ఇరవై ఆరేండ్లు తప్పు కూసింది నేను." గాజు ముక్క అందరికీ చూపించింది. పాత గీతే గీయమంది. సర్వేయరు విసుక్కుంటూ రాసుకున్న పటం కొట్టేసి, మళ్లీ రాసి, కాగితం ఆమెకు ఇచ్చాడు. నేను అలవాటుగా చదివి వినిపించాను. ఆమె అలవాటుగా అటూ ఇటూ చూసి, రెండోసారి చదవమని కాగితం నల్లప్ప చేతికి ఇచ్చింది. ఆయన అద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ, అక్షరం అక్షరం చదివాడు. పెద్దమ్మ మూడో మనిషిని అడగకుండా వేలిముద్ర వేసింది.

పోయిన నెల ఒకటో తారీఖున షట్టరు ఎత్తితే మెట్టు మీద కూర్చుని ఉంది. ఇప్పుడు నంబర్లు విడిపోయాయి. దక్షిణం వాటా ఎనభై నాలుగు బై రెండు, ఉత్తరం వాటా ఎనభై నాలుగు బై ఒకటి. బై రెండు పహణీ తీసి చదివి ఇచ్చాను. అనుమానం ఎక్కడికి పోతుంది, బయటికి పోయి ఎవడో లారీ డ్రైవరు చేత ఇంకోసారి చదివించుకుని వచ్చింది. పని అయిపోయింది కదా అని నేను కంప్యూటరు వైపు తిరిగాను. ఆమె కదల్లేదు.

"బై ఒకటి గూడా తియ్యప్పా" అంది. "మా బావ ఉత్త అమాయకుడు. ఎవుడన్నా మోసం జేసేస్తాడు."